కంట్లో వేసిన ఆ చుక్కల వెనుక

పన్ను పీకించుకోవడానికి వెళ్తాం. డాక్టరు చిగుట్లో ఒక సూది గుచ్చుతాడు. ఐదు నిమిషాలు గడిచేసరికి పెదవి మందంగా, మనది కానట్టు అయిపోతుంది. ఆ తర్వాత ఆయన పట్టకారుతో ఎంత గుంజినా, లాగుతున్నట్టు తెలుస్తుంది గానీ నొప్పి తెలియదు. కాన్పులో కుట్లు పడేటప్పుడు, వేలు తెగినప్పుడు, అమ్మమ్మకో అత్తగారికో కంట్లో శుక్లం తీసేటప్పుడు, అన్నిటా అదే మందు, అదే మేలు. మనిషి మెలకువగానే ఉంటుంది, మాట్లాడుతూనే ఉంటుంది. ఆ ఒక్కచోట మాత్రం నొప్పి ఉండదు.

ఈ ఉపకారం చేసినవాడి పేరు మనలో ఎంతమందికి తెలుసు? నాకు ఆయన పరిచయమైంది ఇంకొకరి జీవితచరిత్ర చదువుతుంటే. మనస్తత్వ శాస్త్రంలో అంత పేరున్న సిగ్మండ్ ఫ్రాయిడ్ 1925లో అచ్చయిన తన ఆత్మకథలో ఒక మాట రాసుకున్నాడు. కుర్రతనంలోనే తనకి రావలసిన గొప్ప పేరు రాకుండా పోవడానికి అప్పట్లో తనకి కాబోయే భార్య మార్తాయే కారణమట! ఆవిణ్ణి చూడ్డానికి ఊరెళ్ళాడు, ఈలోగా స్నేహితుడు ఆ ఘనకార్యం చేసేశాడు, అదీ సంగతి. ఆమె మీద తనకి కోపం లేదని కూడా చేర్చాడనుకోండి. అయినా నాకు చురుక్కుమంది. మగవాడికి పేరు రాకపోయినా తప్పు ఆడదాని మీదకే వస్తుందన్నమాట! ఇంతకీ ఆ స్నేహితుడెవరా అని వెతికితే దొరికినవాడే కార్ల్ కోలర్.

కోలర్ 1857 డిసెంబరు 3న బొహీమియాలో పుట్టాడు. ఇప్పటి చెక్ దేశంలో సుషిట్సే అని పిలిచే చిన్న ఊరు. యూదుల కుటుంబం, తండ్రి వ్యాపారి. చిన్నతనంలోనే తల్లి పోయింది. పెరిగిందీ, చదివిందీ వియన్నాలో. 1882లో డాక్టరు పట్టా పుచ్చుకుని అక్కడి జనరల్ హాస్పిటల్లో కుదురుకున్నాడు. కంటి డాక్టరు కావాలని, పెద్ద కంటి ఆసుపత్రిలో అసిస్టెంటు ఉద్యోగం సంపాదించుకోవాలని ఆయన కోరిక. అలాంటి ఉద్యోగం రావాలంటే ఏదైనా కొత్త విషయం కనిపెట్టి చూపించాలి. చేతిలో డబ్బు లేదు, వెనకాల పెద్దవాళ్ళ అండ లేదు.

అప్పట్లో కంటి ఆపరేషన్ అంటే ఎలా ఉండేదో ఒక్కసారి ఊహించండి. ఒళ్ళంతా మత్తెక్కించే ఈథర్ 1846 నుంచి, క్లోరోఫాం 1847 నుంచి వాడుకలో ఉన్నాయి. కడుపు కోసినా కాలు తీసినా వాటితో పని జరిగిపోయేది. కంటి దగ్గరకొచ్చేసరికి మాత్రం అవి సరిపడేవి కావు. డాక్టరు పైకి చూడమంటే పైకి, కిందకి చూడమంటే కిందకి చూడాలి కదా, మత్తులో ఉన్న మనిషి ఎలా చూస్తుంది? పైగా ఆ మత్తు దిగేటప్పుడు కడుపులో తిప్పి వాంతులయ్యేవి. ఆ కుదుపుకి అప్పుడే కోసిన కంటి గాయం విచ్చుకుని, చేసిందంతా వృథా అయ్యేది. అందుకని చాలామందికి మత్తు లేకుండానే కత్తి పెట్టేవారు. రోగి కళ్ళెదుటే, ఆ కంటి మీదకే కత్తి వస్తుంటే, తల కదలకుండా మనుషులు పట్టుకునేవారు. కంటి మీది నల్లగుడ్డు పొర ఎంత సున్నితమో మనకి చెప్పాలా? కారం చేత్తో కన్ను నులుముకున్న ప్రతి ఇల్లాలికీ తెలుసు! ఒంట్లో నొప్పి నరాల కొసలు అంత దట్టంగా ఉన్న చోట్లు చాలా తక్కువ.

మనిషిని నిద్రపుచ్చకుండా ఒక్క కంటికే స్పర్శ పోగొట్టే మందు దొరికితే బాగుండునని కోలర్ తపన. మార్ఫిన్ నీళ్ళు, క్లోరల్, బ్రోమైడు... తోచినవన్నీ జంతువుల కళ్ళల్లో వేసి చూశాడు. ఏదీ పని చేయలేదు. ఇక లాభం లేదని పక్కన పెట్టేశాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

అదే ఆసుపత్రిలో పని చేసే ఫ్రాయిడ్‌కి అప్పుడు 28 ఏళ్ళు. కోలర్ కన్నా ఏడాదిన్నర పెద్ద. పెళ్ళి కుదిరి రెండేళ్ళయినా చేసుకోవడానికి డబ్బుల్లేక, ఏదో ఒకటి సాధించి పైకి రావాలని చూస్తున్నాడు. ఆ రోజుల్లో ఆయన కన్ను కొకెయిన్ మీద పడింది. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల్లో జనం అలుపు తెలియకుండా నమిలే కోకా ఆకులో ఉండే సారం అది. 1860లోనే జర్మనీలో దాన్ని విడిగా తీశారు గానీ, దేనికి వాడాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఫ్రాయిడ్ తెప్పించుకుని తను తీసుకున్నాడు, స్నేహితులకిచ్చాడు, మార్తాకీ పంపాడు! 1884 జూలైలో దాని గుణాలన్నీ వర్ణిస్తూ పెద్ద వ్యాసమే అచ్చు వేయించాడు. చర్మం మీదా పొరల మీదా మొద్దుబారుతుందని అందులో చివర్న ఒక మాట రాసి వదిలేశాడు. మార్ఫిన్‌కి అలవాటు పడ్డ ఒక ఆప్తమిత్రుడికి దాన్ని మాన్పించడానికి ఈ కొకెయిన్ ఇచ్చాడు కూడా. పాపం, ఆ స్నేహితుడు దీనికీ బానిసై ఏడేళ్ళకి చనిపోయాడు. ఆ బాధ వేరే కథ.

వ్యాసం పూర్తి కాగానే, ఆ వేసవి చివర ఫ్రాయిడ్ హాంబర్గ్ దగ్గర వాండ్స్‌బెక్‌లో ఉన్న మార్తా దగ్గరకి ప్రయాణమయ్యాడు. ఎన్నో నెలలైంది ఆమెను చూసి. మరి వెళ్ళడా?

కోలర్ ఇక్కడే ఉన్నాడు. ఒకరోజు తోటి డాక్టరొకాయన కాస్త కొకెయిన్ నాలుక మీద వేసుకుని, అబ్బ, నాలుక మొద్దుబారిపోతోందే అన్నాడట. అవును, తిన్నవాళ్ళందరికీ అలాగే అవుతుందని కోలర్ బదులు చెప్పాడు. చెబుతుండగానే మెరుపు మెరిసినట్టయింది. తను ఏళ్ళ తరబడి వెతికిన మందు తన జేబులోనే ఉంది! నాలుకకి తెలియకుండా చేసేది కంటికి మాత్రం తెలియకుండా చేయదా?

నాకు ఈ ఘట్టం చాలా ఇష్టం. నాలుక మొద్దుబారడం అందరికీ తెలిసిందే కదా. పంటినొప్పికి మనం లవంగం నొక్కి పెట్టుకోమూ? అదీ అంతే, కాసేపటికి చిగురు తిమ్మిరెక్కుతుంది. చూసినవాళ్ళు బోలెడుమంది. వాళ్ళకి అది ఒక వింత. కన్ను గురించి రోజూ బాధపడినవాడికి మాత్రం అది జవాబయింది.

తిన్నగా స్ట్రికర్ అనే ప్రొఫెసరు గారి ప్రయోగశాలకి వెళ్ళాడు. అక్కడ గార్ట్నర్ అనే అసిస్టెంటు ఉన్నాడు. ఇద్దరూ చిటికెడు పొడి నీళ్ళలో కలిపి ఒక కప్ప కంట్లో చుక్క వేశారు. కాసేపయ్యాక సూదితో ముట్టుకుంటే ఆ కప్ప రెప్ప వేయలేదు, కదలలేదు, గీరినా ఊరుకుంది! మందు వేయని రెండో కన్ను ముట్టుకుంటే మాత్రం ఎగిరిపడింది. తర్వాత కుందేలు, తర్వాత కుక్క. ఆఖరికి ఇక మిగిలింది మనిషి. ఒకరి కంట్లో ఒకరు మందు వేసుకుని, అద్దం ముందు నుంచుని, గుండుసూది తల నల్లగుడ్డు మీద ఆనించి చూసుకున్నారు. ఏమీ తెలియలేదు. నిమిషాల్లో జరిగిపోయిన పని!

1884 సెప్టెంబరు 15న జర్మనీలో హైడెల్‌బర్గ్‌లో కంటి డాక్టర్ల సభ. ఈ సంగతి అక్కడ చెబితే ప్రపంచమంతా తెలుస్తుంది. తీరా చూస్తే వెళ్ళిరావడానికి ఖర్చులకి డబ్బుల్లేవు. ఎంత దయనీయం చూడండి! ట్రియెస్ట్ నుంచి వచ్చి వియన్నా మీదుగా సభకి వెళ్తున్న బ్రెట్టావర్ అనే డాక్టరు చేతికి కాగితాలిచ్చి పంపాడు. ఆయన అక్కడ చదివి, ఒక రోగి కంట్లో చుక్కలు వేసి అందరి ముందూ చూపించాడు. నెల తిరక్కుండా ఆ కబురు అట్లాంటిక్ దాటి అమెరికా పత్రికల్లో పడింది. కనిపెట్టినవాడు మాత్రం వియన్నాలో ఇంట్లోనే ఉన్నాడు. అక్టోబరు 17న తన ఊళ్ళోనే వైద్యసంఘం ముందు తనే స్వయంగా చెప్పుకున్నాడు. అదే సభలో కోనిగ్‌స్టీన్ అనే మరో కంటి డాక్టరు కూడా ఇదే సంగతి చెప్పడానికి సిద్ధమయ్యాడు. ఫ్రాయిడూ, ఇంకో మిత్రుడూ నచ్చజెబితే, ముందు కనిపెట్టింది కోలరేనని ఒప్పుకున్నాడు.

ఈ విషయంలో ఫ్రాయిడ్‌ని మెచ్చుకోవాలి. స్నేహితుడి మీద అసూయ పెంచుకోలేదు. ముద్దుగా కోకా కోలర్ అని పిలిచేవాడు కూడా. 1885 ఏప్రిల్లో ఫ్రాయిడ్ తండ్రిగారికి నీటికాసుల జబ్బు వస్తే, కోనిగ్‌స్టీన్ ఆపరేషన్ చేశాడు, కోలర్ మందు చుక్కలు వేశాడు, ఫ్రాయిడ్ పక్కన నిలబడ్డాడు. ఆ మందుతో సంబంధమున్న ముగ్గురూ ఒకే గదిలో చేరారని కోలర్ సరదాగా అన్నాడట. ఇంత మంచి మనిషి ముసలితనంలో ఆ మాట ఎందుకు రాశాడో! మార్తా పిలవకపోయినా, ఆయన వియన్నాలోనే కూర్చున్నా, కన్ను ఆయన ధ్యాసలో లేదు. కంటి కోసం జంతువుల మీద అన్ని మందులూ పరీక్షించి ఓడిపోయినవాడు కోలర్. ఆమె చేసిన నేరమల్లా పెళ్ళికని నాలుగేళ్ళు ఓపిగ్గా ఎదురుచూడడం. 1886లో గానీ వాళ్ళకి పెళ్ళి కాలేదు.

అంత పేరొచ్చాక కోలర్‌కి ఉద్యోగం నడిచి రావాలి కదా? రాలేదు. కథ మలుపు తిరిగింది 1885 జనవరిలో.

ఆసుపత్రిలో ఆయన డ్యూటీలో ఉండగా వేలికి దెబ్బ తగిలిన రోగి వచ్చాడు. వేలికి కట్టిన రబ్బరు కట్టు మరీ బిగువుగా ఉంది, అలాగే ఉంచితే వేలు చచ్చుబడుతుంది. కోలర్ విప్పబోయాడు. ఆ రోగి తమ విభాగానికి చెందినవాడని జిన్నర్ అనే మరో డాక్టరు అడ్డొచ్చాడు. మాటామాటా పెరిగింది. అందరూ వింటుండగా జిన్నర్ కోలర్‌ని యూదుడివంటూ, పందితో పోల్చి తిట్టాడు. కోలర్ నోటితో జవాబు చెప్పలేదు. చెంప మీద ఒక్కటిచ్చాడు.

ఇద్దరూ సైన్యంలో రిజర్వు ఆఫీసర్లు. అక్కడి ఆచారం ప్రకారం అలాంటి దెబ్బకి బదులు కత్తులతోనే తీరాలి. ద్వంద్వయుద్ధం చట్టం ప్రకారం నేరమే, అయినా తప్పించుకుంటే పిరికివాడంటారు. జనవరి 4, ఆదివారం, కత్తులు దూశారు. కోలర్‌కి గీత కూడా పడలేదు, జిన్నర్‌కి తలమీదా చేతిమీదా గాయాలయ్యాయి. యూదులకి చదువులో, ఉద్యోగాల్లో అడుగడుగునా అవమానాలెదురయ్యే ఊళ్ళో ఈ వార్త వాళ్ళకి పండగే అయింది. ఫ్రాయిడ్ ఉప్పొంగిపోయి ఉత్తరం రాశాడు. అప్పటిదాకా ఒకరినొకరు మీరు అనుకునే స్నేహితులు ఇకనుంచి నువ్వు అనుకుందామని అందులో అడిగాడు. మనకి ఆ మార్పులోని చనువు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

కానీ పండగ ఎన్నాళ్ళు? పోలీసు విచారణ నడిచింది. తర్వాత క్షమాభిక్ష దొరికింది గానీ, ఆశించిన అసిస్టెంటు ఉద్యోగం దొరకలేదు. గొడవ మనిషి అన్న ముద్ర పడింది. చెంపదెబ్బ కొట్టకుండా తల వంచుకుని వెళ్ళిపోయి ఉంటే కోలర్ వియన్నాలో ప్రొఫెసరయ్యేవాడా? అవమానాన్ని దిగమింగి బతకడం బాగా వచ్చిన మనకి ఈ ప్రశ్న కొత్తది కాదు. దిగమింగినవాళ్ళకి మాత్రం అన్నీ దక్కుతాయని ఎవరు చెప్పగలరు? నా మటుకు నాకు ఆయన కొట్టడమే నచ్చింది.

ఆరోగ్యం చెడింది, మనసు విరిగింది. హాలండ్‌లో ఊట్రెక్ట్ వెళ్ళి పేరుమోసిన కంటి వైద్యుల దగ్గర కొన్నాళ్ళు పని చేశాడు. అక్కడ ఆదరించారు. చివరికి 1888లో ఓడెక్కి న్యూయార్క్ చేరాడు. మౌంట్ సినాయ్ ఆసుపత్రిలో కంటి డాక్టరయ్యాడు, సొంత ప్రాక్టీసు పెట్టాడు, పెళ్ళి చేసుకుని పిల్లల్ని కన్నాడు. వియన్నాలో మళ్ళీ కాపురం పెట్టనేలేదు. 1938లో నాజీలు ఆ ఊరిని ఆక్రమించుకున్నాక 82 ఏళ్ళ ఫ్రాయిడ్ కూడా లండన్ పారిపోవలసి వచ్చిందంటే, కోలర్‌ని వెళ్ళగొట్టిన విధి ఒకరకంగా మేలే చేసిందేమో.

ఈలోగా ఆయన మందు లోకమంతా పాకింది. కంటి నుంచి ముక్కుకి, గొంతుకి, పంటికి. అమెరికాలో హాల్‌స్టెడ్ అనే పెద్ద సర్జన్ దాన్ని నరం పక్కన సూదితో ఎక్కించి చేయి మొత్తం మొద్దుబారేలా చేయవచ్చని చూపించాడు. తన మీదే ప్రయోగాలు చేసుకుని కొకెయిన్‌కి బానిసయ్యాడు. ఈ మందులోని విషం అదే. అందుకే రసాయన శాస్త్రవేత్తలు మత్తుకి అలవాటు చేయని తమ్ముళ్ళని తయారు చేశారు. 20వ శతాబ్దం మొదట్లో నోవకెయిన్ వచ్చింది. 1943లో స్వీడన్‌లో లిగ్నోకెయిన్ తయారై 1948లో బజారుకొచ్చింది. మన డాక్టర్లు జైలోకెయిన్ అని గుచ్చేది దీన్నే.

ఇంతకీ ఈ మందు చేసేదేమిటి? ఇది కోలర్‌కి తన జీవితకాలంలో తెలియలేదు. ఎవరికీ తెలియదు. రహస్యం మన వంటింటి డబ్బాలోనే ఉంది: ఉప్పు. ఉప్పులో ఉండేది సోడియం. మన నాడీకణం లోపలికన్నా బయట సోడియం చాలా ఎక్కువ. కణం గోడకి బుల్లి బుల్లి తూములుంటాయి, వాటికి తలుపులు. వాటిని సోడియం చానళ్ళంటారు. వేలికి సూది గుచ్చుకోగానే నొప్పిని పసిగట్టే నాడీకణం కొసలో ఆ తలుపులు తెరుచుకుంటాయి. గోదావరి కాలువ మీద లాకులెత్తితే నీళ్ళు ఎలా దూకుతాయో అలా సోడియం లోపలికి దూకుతుంది. అది మోసుకొచ్చిన విద్యుత్తుకి పక్క తలుపు తెరుచుకుంటుంది, దాంతో ఆ పక్కది. ఒక్కో తలుపు తెరిచి ఉండేది సెకనులో వెయ్యో వంతు లెక్కలోనే! అలా వేలి నుంచి వెన్నుకీ, అక్కణ్ణుంచి మెదడుకీ కబురందుతుంది. అప్పుడు మనం అమ్మా అంటాం. కొకెయిన్ గానీ లిగ్నోకెయిన్ గానీ కణంలోకి జొరబడి, లోపలి వైపు నుంచి ఆ తూముకి బిరడా బిగిస్తుంది. సోడియం దూకదు, కబురు నడవదు. నొప్పి మోసే నరాలు సన్నవి కాబట్టి ముందు అవి ఆగిపోతాయి, ఒత్తిడి తెలిపే లావు నరాలు అంత తొందరగా లొంగవు. పన్ను లాగేటప్పుడు గుంజుడు తెలిసి నొప్పి తెలియకపోవడం ఇందుకే. అన్నట్టు, లవంగ నూనె కూడా ఇలాంటి తూముల్నే అడ్డుకుంటుందని ఇప్పుడు తేల్చారు. మన అమ్మమ్మలు తెలివైనవాళ్ళు!

చిక్కేమిటంటే ఈ మందులకి ఏ తూమైనా ఒకటే. సోడియం చానళ్ళు తొమ్మిది రకాలు. గుండెలో ఒకటి, మెదడులో కొన్ని, కండరంలో ఒకటి. మోతాదు మించి రక్తంలో కలిస్తే మూర్ఛలొస్తాయి, గుండె తడబడుతుంది. అందుకే మత్తు ఇంజెక్షన్‌కి ముందు, మనకి గుండెజబ్బు ఉన్నా, ఇదివరకు ఏ మందైనా పడకపోయినా డాక్టరుకి దాచకుండా చెప్పాలి. ముఖ్యంగా నొప్పి నరాల్లోనే పనిచేసేవి 1.7, 1.8, 1.9 అనే నంబర్ల రకాలు. 2006లో పాకిస్తాన్ ఉత్తర ప్రాంతపు కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనే నొప్పి తెలియని పిల్లల్ని పరీక్షిస్తే, వాళ్ళలో ఆ 1.7 రకం అసలు పనిచేయడం లేదని బయటపడింది. వినడానికి వరంలా ఉంది కదూ? అలాంటి కుర్రాడొకడు వీధుల్లో చేతిలో కత్తి గుచ్చుకుంటూ, నిప్పుల మీద నడుస్తూ డబ్బులడుక్కునేవాడు. పద్నాలుగేళ్ళు నిండకుండానే ఇంటి కప్పు మీద నుంచి దూకి చచ్చిపోయాడు. మిగతా పిల్లలకి పెదాలు, నాలుక కొరుక్కున్న గాయాలు. అదే తూము అతిగా తెరుచుకునే కుటుంబాలూ ఉన్నాయి, కాస్త వేడి తగిలినా వాళ్ళ అరికాళ్ళు నిప్పుల్లో పెట్టినట్టు మండిపోతాయి. ఇదంతా తెలిశాక 1.8 రకాన్ని మాత్రమే మూసే సుజెట్రిజిన్ అనే మాత్ర తయారు చేశారు. ఆపరేషన్ల తర్వాత వచ్చేలాంటి తీవ్రమైన నొప్పికి వాడడానికి 2025 జనవరిలో అమెరికాలో అనుమతి దొరికింది. నల్లమందు జాతి మందుల్లా వ్యసనం అంటగట్టదని దాని మీద ఆశ.

కోలర్ మాత్రం న్యూయార్క్‌లో తన రోగులేమో తనేమోనన్నట్టు ఉండిపోయాడు. పాత సంగతులెత్తడానికి ఇష్టపడేవాడు కాదు. నోబెల్‌కి కొన్నిసార్లు పేరు వెళ్ళింది, రాలేదు. 1922లో అమెరికా కంటి వైద్యుల సంఘం హోవ్ పతకాన్ని మొట్టమొదటిసారిగా ఆయనకే ఇచ్చింది. 1944 మార్చి 21న, 86వ ఏట కన్నుమూశాడు. ఎనిమిదేళ్ళ తర్వాత 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు ఇంగ్లీషు శాస్త్రవేత్తలు స్క్విడ్ అనే సముద్రజీవి లావుపాటి నరం మీద పరిశోధించి సోడియం గుట్టు విప్పారు.

ఆయన దాచుకున్న ఉత్తరాలు, కాగితాలు కూతురు హార్టెన్స్ చేతికొచ్చాయి. అందులో ఫ్రాయిడ్ రాసినవీ ఉన్నాయి. కత్తుల గొడవ, హైడెల్‌బర్గ్ సంగతి, హాలండ్ రోజులు అన్నీ కలిపి ఆవిడ తండ్రి కథ రాసి 1963లో ఒక పత్రికలో అచ్చు వేయించింది. ఈరోజు మనకి ఆయన గురించి ఇంత తెలిసిందంటే చాలావరకు ఆవిడ చలవే. హాడ్జ్‌కిన్, హక్స్‌లీలకి నోబెల్ బహుమతి వచ్చింది కూడా ఆ ఏడాదే.